సన్యాసిరాజు చెక్కిన గాడి

వన్ టౌన్‌లో రేవుకు దగ్గరగా, రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి పోవలసిన సందులో గవర్రాజుకు ఇత్తడి పోత పోసే రేకుల షెడ్డు ఉండేది. అందులో పనంతా అతని చెల్లెలు చిట్టెమ్మ మొగుడు సన్యాసిరాజుది. షెడ్డు ఒకరిది, చెయ్యి ఒకరిది. ఈ పంపకంలో తేడా ఉందని సన్యాసిరాజుకు ఏళ్ల తరబడి తోచలేదు. మంచితనం అనేవాళ్లు అనుకోండి, నేను మాత్రం అమాయకత్వం అంటాను.

రొయ్యల బోట్లు పెరుగుతున్న రోజులవి. నీళ్లలో బోటును తోసే పంకాను తిప్పే ఇరుసు బోటు అడుగు దాటే చోట ఒక ఇత్తడి బుష్, అంటే ఇరుసు తిరిగే గొట్టం ఉంటుంది. ఇసుక చేరి అది నెలకోసారి అరిగిపోయేది. కొత్తది మద్రాసు నుంచి వచ్చేదాకా బోటు ఒడ్డునే, బోటు వాళ్లు పస్తు. 1974లో సన్యాసిరాజు టేకు ముక్కతో పేట్రన్ చెక్కాడు, అంటే ఇసుకలో అచ్చు తీయడానికి వాడే చెక్క నమూనా. బుష్ లోపలి వైపు మెలి తిరిగిన గాడి పెట్టాడు. ఇసుక ఆ గాడిలోంచి నీళ్లతో పాటు బయటికి పోయేది. ఏడో తరగతి గడప దాటని మనిషి!

ఆ బుష్ వేసిన బోటు ఏడాది పాటు తిరిగింది. కాకినాడ నుంచి కూడా మనుషులొచ్చి సందులో కాసుకుని కూర్చునేవాళ్లు. ఇత్తడిని తొలిచే లేతు మిషను ఒకటున్న చోట నాలుగయ్యాయి. ఇసుక జల్లించడానికి పన్నెండు మంది ఆడవాళ్లు పనిలో చేరారు. ఎదురుగా టీకొట్టు, పక్కన ఇత్తడి తుక్కు కొట్టు వెలిశాయి. సందు సందంతా ఆ గాడి మీదే అన్నం తినేది.

1982లో, దసరాకు వారం ముందు, సన్యాసిరాజుకు స్టీల్ ప్లాంటు నుంచి ఇంటర్వ్యూ కార్డు వచ్చింది. దీపావళి వెళ్లాక రమ్మన్నారు. మరుసటేడుకు వయసు దాటిపోతుంది, ఇక పిలుపు రాదు. గవర్రాజు కార్డు చూసి ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఎల్లిపోతావేటి బావా? ఇండస్ట్రియల్ ఎస్టేట్లో పేద్ద ఫేక్టరీ పెడతన్నాను. బోర్డు మీద ముందు నీ పేరు, తరవాతే నాది."

"నిజమేనా?"

"నా సెల్లి మీద ఒట్టు."

ఇంకేం కావాలి? సన్యాసిరాజు ఇంటర్వ్యూకి వెళ్లలేదు.

పేట్రన్‌ను మాత్రం అతను ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. పని కాగానే తువ్వాల్లో చుట్టి ఇంటికి తెచ్చుకునేవాడు. ఒక్క దసరా ఆయుధపూజ నాడు దాన్ని షెడ్డులో అమ్మవారి పటం ముందు పెట్టి, షెడ్డుకు తాళం వేసి, ఉన్న ఒక్క తాళంచెవి ఇంట్లో మేకుకు తగిలించేవాడు. పూజలో పెట్టిన పనిముట్టును మర్నాడు కొబ్బరికాయ కొట్టేదాకా ఎవరూ కదపకూడదని నియమం పెట్టింది గవర్రాజే. ఆ ఏడు మర్నాడు వెళ్లి చూస్తే పేట్రన్ మూలల్లో తడి ఇసుక కనిపించింది. షెడ్డంతా ఇసుకే కదా అనుకుని తుడిచేసుకున్నాడు.

మరుసటి వేసవిలో ఫ్యాక్టరీ తెరిచారు. బోర్డు మీద గవర్రాజు పేరొక్కటే ఉంది. ఎవరో పెద్ద ఆఫీసరు రిబ్బను కత్తిరించి, ప్రాంతం బాగుపడాలంటే ఇలాంటి బుర్ర కావాలని గవర్రాజు భుజం తట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ సన్యాసిరాజుకు ఒళ్లు మండిపోయింది. లోపల బల్లల మీద అతని బుష్‌లే వరసలుగా ఉన్నాయి.

"ఇది నాను సెక్కిందే కదా బావా."

"ఎవులు కాదన్నారు? డ్రాయింగు నా పేరున రిజిస్టరైపోనాది. నీకు లేతు మీద పనిస్తాను, రా."

"నా పేట్రన్ నీ సేతికి ఎలాగొచ్చింది?"

గవర్రాజు అతిథుల వైపు వెళ్లిపోయాడు.

దారంతా సన్యాసిరాజు లెక్క వేసుకుంటూ నడిచాడు. పేట్రన్ తన దగ్గర లేనిది ఒక్క రోజు. ఇంటికి రాగానే చిట్టెమ్మనడిగాడు.

"దసరానాడు షెడ్డు తాళంసెవి ఎవులికిచ్చినావు?"

చేపలు తోముతున్న చిట్టెమ్మ తలెత్తలేదు. "అన్నకి. అచ్చు తీసుకుంటానన్నాడు."

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్పొద్దన్నాడు. అప్పటికింకా నీ ఇంటర్వ్యూ అవ్వలేదు. తెలిస్తే నువ్వు స్టీల్ ప్లాంటుకెల్లిపోతావన్నాడు."

సన్యాసిరాజు అరుగు మీద కూలబడ్డాడు. బావ చేసింది దొంగతనం, దానికి తిట్లున్నాయి. చిట్టెమ్మ చేసినదాన్ని ఏమని తిట్టాలో అతనికి తెలియలేదు. కాసేపటికి చిట్టెమ్మ అన్నం వడ్డించి పిలిస్తే, లేచి వెళ్లి తిన్నాడు.