నెత్తళ్ళ ఇంట్లో కుర్తాల కొట్టు

ఆన్‌లైన్ కొట్టులో అమ్మకాలు పెంచుకోవడం ఎలాగో నేర్పే వీడియోలు ఆ రోజుల్లో నేను చూసినన్ని మా జిల్లాలో ఇంకెవరూ చూసి ఉండరు. ప్రతి దాంట్లోనూ కోటు వేసుకున్న మనిషి ఒకడు వచ్చి, కొనేవాళ్ళ మనసు తెలుసుకోవాలనీ, ఫొటోలు మంచి వెలుతురులో తీయాలనీ, సరుకు వెనక ఒక కథ చెప్పాలనీ చేతులు తిప్పుతూ చెప్పేవాడు. అన్నీ చేశాను. పెట్టె విప్పగానే ఏ వాసన వస్తుందో చూసుకోమని మాత్రం ఒక్కడూ చెప్పలేదు. పాపం, వాళ్ళెవరూ ఎండు చేపల ఇంటి కోడళ్ళు కారు.

నేను పుట్టింది సాలూరులో. ఇంటి ముందు లారీలు, ఇంటి వెనక లారీలు. మా అమ్మ పెట్టే చారులో కూడా డీజిల్ వాసన వచ్చేదని అంటే ఇప్పటికీ ఒప్పుకోదు. విజయనగరంలో డిగ్రీ చదువుతూ, చదువు సగంలో మానేసిన ఒక సముద్రపొడ్డు కుర్రాణ్ణి ప్రేమించి పెళ్ళి చేసుకున్నాను. మా వాళ్ళు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడడం మొదలుపెట్టారు. మాట్లాడనప్పుడే హాయిగా ఉండేది.

అత్తారి ఊరు నరసన్నపేట నుంచి ఆటో ఎక్కితే సముద్రం అడ్డొచ్చి ఆగిపోయే చోట ఉంది. మా అత్తది ఎండు చేపల వ్యాపారం. నెత్తళ్ళు, సావిళ్ళు, రొయ్యపప్పు ఇసుకలో ఎండేసి, గంపలకెత్తి, సంతలు తిరిగి అమ్ముతుంది. మబ్బు పట్టిందంటే ఆ గంపలన్నీ ఇంట్లోకి వచ్చేస్తాయి. మేం పడుకునే గదిలోకే. కాపురానికి వెళ్ళిన కొత్తలో నాకు ఆ ఇంట్లో అన్నం దిగేది కాదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గరిటె తిప్పుతుంటే మా అత్త గుమ్మంలో నిలబడి నవ్వేది.

"ఒసే, సేపల కంపు నీకు తెలీడం మానేసిన రోజునే నువ్వు మా ఇంటి మనిసివైనట్టు. అందాకా సుట్టానివే," అనేది.

అది ఏ రోజు మానేసిందో నాకు తెలీదు. మానేసిన సంగతి కూడా చాలాకాలం గమనించలేదు.

కొట్టు ఎందుకు పెట్టానో చెప్పాలి. మా ఊరి మగవాళ్ళు వానలు తగ్గగానే గుజరాత్ తీరానికి బోట్ల మీద పనికి పోతారు. మనుషుల్ని కుదిర్చే మేస్త్రీ ఒకడు వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. మనిషి రైలెక్కుతాడు. మళ్ళీ ఎండాకాలానికి గానీ మొహం కనబడదు. అక్కడ నీళ్ళ మీద సరిహద్దు గీత ఎవడికీ కనపడదట. దాటినవాడు మాత్రం పక్క దేశం వాళ్ళకి వెంటనే కనపడతాడట. మా వీధిలోనే ఒకామె, మొగుడు ఆ దేశం జైల్లో ఉన్నాడో లేడో తెలీక, బొట్టు పెట్టుకోవాలా వద్దా అని అద్దం ముందు కూర్చునేది. ఆమెను చూసిన ప్రతిసారీ ఇంటికొచ్చి మా ఆయన్ని వెళ్ళొద్దని పోరేదాన్ని. "మేస్త్రీ వచ్చేనాటికి కొట్టు నిలబడితే నేనెల్లను," అన్నాడు మా ఆయన. నాకు పట్టిన పిచ్చికి ఆ మాటే కారణం.

పొందూరు నేత గుడ్డ తెచ్చి కుర్తాలు కుట్టి, మెడ చుట్టూ దారప్పని నేను చేసేదాన్ని. నగలు ఆయన చేసేవాడు. వేట నిషేధం రోజుల్లో మగాళ్ళందరూ వలలు బాగుచేసుకుంటూ కూర్చుంటే, ఈయన అదే వల ముడితో రంగుదారం మీద గవ్వలూ చిన్న శంఖాలూ కట్టి గొలుసులు అల్లాడు. పెద్ద చేప గుంజినా జారని ముడి అది. చూడ్డానికి పువ్వులా ఉంటుంది. ఊళ్ళో మిగతా మగాళ్ళు "ఏరా బావా, మాకు జడగంటలు ఎప్పుడు సేస్తావు?" అని ఏడిపిస్తే, "ముందు నీకు జడ రానీ," అనేవాడు.

ఫొటోలకి మా ఆడపడుచుని నిలబెట్టేదాన్ని. అందమైన పిల్ల. కానీ ఫోను ఎత్తగానే ఎవరో తిట్టినట్టు మొహం పెట్టేది. "నవ్వవే" అంటే, "నవ్వితే కుర్తా సూడరు వొదినా, నన్నే సూస్తారు," అనేది. ఆ ధైర్యంలో సగం నాకుంటే ఈపాటికి నాకు రెండు కొట్లుండేవి. వీడియోల్లో చెప్పినట్టు సరుకు వెనక కథ కూడా రాశాను. "సముద్రపు గాలిని మీ ఇంటికి మోసుకొచ్చే దుస్తులు" అని మా పేజీ నెత్తిన పెద్ద అక్షరాలతో పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే ఇంతకన్నా నిజాయితీగా వ్యాపార ప్రకటన ఎవరూ రాసి ఉండరనిపిస్తుంది.

ఫొటోలు చూసి ఆర్డర్లు వచ్చేవి. ఒకసారి కొన్నవాళ్ళు మాత్రం మళ్ళీ మా గడప తొక్కేవారు కాదు. కొన్నవాళ్ళలో సగంమంది పెట్టెలు తిప్పి పంపేవారు. "గుడ్డ మెత్తగా ఉంది. పని బాగుంది. ఏదో వాసన." ఇదే మాట. ఏ వాసనో ఒక్కరూ చెప్పరు. మర్యాదస్తులు.

ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. నేను మొదట అద్దకం వాడితో పోట్లాడాను. నీ రంగు కంపుకొడుతోందన్నాను. తన తాత కాలం నుంచీ ఎవరూ అనలేదన్నాడు. అయితే మీ తాత కాలం నుంచీ కంపేనన్నాను. తర్వాత ప్లాస్టిక్ కవర్లు మార్చాను. పార్సిలు బండిలో పక్కన ఏం పెడుతున్నారని కొరియర్ వాళ్ళ మీద పడ్డాను. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్కొక్కరి ముక్కు కిందా కుర్తా పెట్టాను.

"గుడ్డ వాసనొస్తంది," అన్నాడు మా ఆయన.

"సబ్బు వాసనొస్తన్నాది. మంచిదే కదేటి?" అంది అత్త.

ఆడపడుచుకి జలుబు. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అన్ని పనులూ చేసే ముక్కు అసలు పని మాత్రం మానేసిందని అప్పటికి తెలీదు.

కలరా ఉండలు వేశాను. "ఆసుపత్రి వాసన" అని రాశారు. అగరొత్తులు వెలిగించి పొగ పట్టించాను. దానికి ఏమీ రాయకుండానే తిప్పి పంపారు. అప్పుడు అత్త రంగంలోకి దిగింది. దిబ్బల మీద మొగలి పొదల్లోకి పోయి, చేతులకి ముళ్ళు గుచ్చుకుంటున్నా లెక్కచేయక, ఒక కట్ట మొగలి పూలు కోసుకొచ్చింది. "మా అమ్మ కాలంలోన సీరల మడతల్లో ఇయ్యే పెట్టేవోరు. మొగలి ముందు ఏ కంపైనా పారిపోవాల," అంది. నెత్తళ్ళ గంప కట్టి ఇటు తిరిగి, అవే చేతులతో రేకులు విడదీసి, ప్రతి కుర్తా మడతలోనూ ఎంతో ముద్దుగా సర్దింది. నాకు ఆమె మీద ఎంత ప్రేమ పుట్టిందంటే, ఆ కుర్తాలన్నీ ఆ పూటే పంపించేశాను.

విశాఖపట్నం నుంచి ఒకావిడ జవాబు రాసింది. మంచి మాటలే ఉంటాయనుకుని అందర్నీ పిలిచి గట్టిగా చదివాను. "కుర్తా చాలా బాగుందండి. మా అమ్మది భీమిలి. పెట్టె ఇంకా విప్పకుండానే వంటింట్లోంచి వచ్చి, నెత్తళ్ళు ఎవరు పంపారే అని అడిగింది. కుర్తా దులిపి మరీ వెతికింది. మీరు నెత్తళ్ళు కూడా అమ్మితే ఒక కేజీ పంపండి. కుర్తా మాత్రం తిప్పి పంపుతున్నాను, ఏమీ అనుకోకండి."

నెత్తళ్ళ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు తగ్గింది గానీ నోరు ఆగలేదు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. మా ఆడపడుచు పకపకా నవ్వింది. మా ఆయన గోడకి చేర్చిన గంపల వైపు, వాటి పక్కనే దొంతర పెట్టిన కుర్తాల వైపు చూశాడు. అత్త చెయ్యి అప్పటిదాకా ఒక కుర్తా మీద ఉంది. ఆ చెయ్యి తీసేసి, చీర కుచ్చిళ్ళకి తుడుచుకుంది. ఒకసారి తుడుచుకుని ఊరుకుంటే నేనూ నవ్వేసేదాన్ని. తుడుస్తూనే ఉంది.

మర్నాడు లేచేసరికి గదిలో గంపలు లేవు. అన్నింటినీ ఒడ్డున వలలు పెట్టుకునే పాకలోకి చేరేసింది. గదంతా సోడాతో కడిగేసింది. గంధం సబ్బుతో స్నానం చేసి, గడప అవతల కూర్చుంది. "లోనకి రా అత్తా," అంటే, "నాను రాను. నీ గుడ్డలకి అంటుకుంటాది," అంది. అన్నం కూడా అక్కడికే తెమ్మంది. తన ఇంటి గడప బయట.

వానలు మొదలయ్యాయి. పాక కారింది. నెత్తళ్ళు తడిసి, పురుగు పట్టి, గంపలకి గంపలు పారబోసుకుంది. పారబోసి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"అత్తా, గంపలు లోపలికి తే."

"తేను."

"ఆ చేపలు తిని పెరిగినవాడినే నేను చేసుకున్నాను. ఇప్పుడు నువ్వు బయట కూర్చుని నా పరువు తియ్యకు. కొట్టు మూసేస్తాను."

"ముయ్యి సూస్తాను!" అని అంతెత్తున లేచింది. "సేపలు పోతే మళ్ళీ ఎండేసుకుంటాను. నీ కొట్టు పోతే ఆడు రైలెక్కుతాడే. ఆడు రాకపోతే ఎవల్ని ఎండేసుకుంటావు?"

ఇద్దరం ఏడ్చాం. నేను గట్టిగా, ఆమె తిడుతూ. ఆ ఏడుపులోనే నాకు బుద్ధి వచ్చింది. చేపలు ఈ ఇంటికి నాకన్నా ముందొచ్చాయి. కదలాల్సింది గంపలు కాదు, కుర్తాలు. నరసన్నపేటలో విత్తనాల కొట్టు మీద ఒక గది అద్దెకి తీసుకున్నాను. మిషను అక్కడికి చేర్చాను. గుడ్డంతా కొత్తది తెచ్చాను. ఇంట్లో కట్టుకున్న చీరతో పని ముట్టకుండా ఇంకో చీర అక్కడే ఉంచాను. మా ఆయన అల్లిన గొలుసులు నిమ్మకాయ నీళ్ళలో కడిగి మేడ మీద ఆరేసేదాన్ని. పొద్దున్న మొదటి ఆటోకి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చేదాన్ని. అత్త గంపలు లోపలికి తెచ్చుకుంది. తనూ లోపలికొచ్చింది.

అంతే. ఫొటోలు అవే, ధరలు అవే, మా ఆడపడుచు మొహం కూడా అదే. కొన్నవాళ్ళు మళ్ళీ కొన్నారు, చెల్లెళ్ళకీ వదినలకీ చెప్పారు. విశాఖపట్నం ఆవిడ రెండో కుర్తా తెప్పించుకుని, "ఈసారి ఏ వాసనా లేదండి. మా అమ్మ చాలా నిరాశపడింది," అని రాసింది. ఆ ముసలావిడ కోసమైనా నెత్తళ్ళు పేజీలో పెడదామంటే అత్త ససేమిరా అంది. "ఫోనులోన సేపలమ్మితే బేరం ఎవలాడతారు? ఎవల్ని తిట్టాల నాను?" అంది. దానికి కోటువాళ్ళ దగ్గర కూడా జవాబుండదు.

వానలు తగ్గాక మేస్త్రీ వచ్చాడు. మా ఆయన ఈ ఏడు రానన్నాడు. మేస్త్రీ నమ్మలేదు. "ఇంట్లో కూకుని ఏటి సేస్తావురా?" అన్నాడు. "గొలుసులు," అన్నాడు మా ఆయన, చేతిలో గవ్వ కిందపెట్టకుండానే. మేస్త్రీ అత్త వైపు చూశాడు. అత్త అతనికి టీ ఇచ్చి, అర్ధశేరు రొయ్యపప్పు అంటగట్టి పంపింది. ఆ రోజు నేను గదికి వెళ్ళలేదు. మేస్త్రీ వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. జన్మలో అంత సంతోషం మళ్ళీ ఎరగను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, ఆర్డర్లు ఎక్కువై రెండు రోజులు నరసన్నపేట గదిలోనే ఉండిపోయి, ఒక ముసురు సాయంత్రం ఇంటికొచ్చాను. గంపలన్నీ గదిలో ఉన్నాయి. గడప మీద కాలు పెట్టాను. గుప్పుమంది. కాపురానికొచ్చిన మొదటి రోజు కొట్టినట్టే మొహం మీద కొట్టింది. నా చెయ్యి నన్ను అడక్కుండా కొంగు తీసి ముక్కుకి అడ్డం పెట్టింది.

లోపల మా ఆయన గోడకి ఆనుకుని గవ్వలు కడుతున్నాడు. ఆయన్ని ఇంట్లో ఉంచడానికే కదా ఇదంతా. ఆయన ఇంట్లోనే ఉన్నాడు. గడప బయట ఆగిపోయింది నేను. అత్త గంప మీద గోనె కప్పుతూ తలెత్తి నన్ను చూసింది. కొంగు చూసింది.

"ఏటే, మళ్ళీ సుట్టానివైపోనావేటి?" అంది. నవ్వులాటకే అంది గానీ, మాట చివర నవ్వు లేదు.

కొంగు వదిలేసి లోపలికి వెళ్ళాను. గంప పక్కనే చాప వేసుకుని కూర్చుని, "ఆకలేస్తంది అత్తా, అన్నం పెట్టు," అన్నాను. నెత్తళ్ళ పులుసే పెట్టింది. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాను. అది దిగడానికి చాలాసేపు పట్టింది.