రిచర్డ్ గారి నానబెట్టుడు

రిచర్డ్ గారికి ఒకే ఒక్క జబ్బు. ఎవరింటికి వెళ్ళినా వాళ్ళ వంటింట్లోకి దూరి, కనబడిన గింజల్ని నీళ్ళలో నానబెట్టి వస్తారు. అడగరు, చెప్పరు. శనగలా, పెసలా, బొబ్బర్లా, రాజ్మానా అన్న పట్టింపు లేదు. డబ్బాలో ఎండు గింజ, పక్కన ఖాళీ గిన్నె కనబడితే చాలు, ఆయన చేతులు ఆయన మాట వినవు. మర్నాడు పొద్దున ఐదున్నరకల్లా ఆ ఇంటికి ఫోన్ వస్తుంది. నమస్తే ఉండదు, బాగున్నారా ఉండదు. ఒకటే ప్రశ్న.

"ఉబ్బినయా?"

నిద్రమత్తులో ఫోనెత్తినవాళ్ళు ముందు తమ కాళ్ళూ ముఖమూ తడిమి చూసుకుంటారు. తర్వాత అనుమానం వచ్చి వంటింట్లోకి పరుగెత్తితే, గిన్నె అంచు దాటిన శనగలు గట్టుమీద షికారు చేస్తుంటాయి. ఈలోగా ఫోన్లో వంట మొదలైపోతుంది. "కుక్కర్ల ఏడు విజిళ్ళు రానియ్యి. ఉల్లిగడ్డ, అల్లం, జర జీలకర్ర. టమాటా మెత్తగైనంక గింజలెయ్యి. నాలుగింటిని గరిటెతోటి మెదుపు, పులుసు చిక్కగైతది. ఇరవై నిమిషాల పని. ఉంట మరి." ఎదుటివాళ్ళు నోరు తెరిచేసరికి ఆయన పెట్టేసి ఉంటారు.

ఈ జబ్బుతో నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్న మనిషి యూనీసమ్మ. నాంపల్లి స్టేషన్ నుంచి ఆబిడ్స్ వైపు పోయే గల్లీలో, రాధాకృష్ణమూర్తి గారి ఇంట్లో మొదటి అంతస్తు వీళ్ళది. ముందు గదిలో ఆవిడ బ్లౌజులు కుడుతుంది. ఇరవై రెండేళ్ళుగా అదే గది, అదే మిషను, ఆబిడ్స్ దుకాణాల్లో చీర కొని నేరుగా మెట్లెక్కి వచ్చే అవే ఖాతాదార్లు. "నా కన్ను పోయినా ఫికర్ లేదు గానీ ఈ గది పోవద్దు దేవా" అన్నది ఆవిడ రోజూ చేసే ప్రార్థన.

రిచర్డ్ గారు స్టేషన్ పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు పనిచేశారు. ఒకచోట కదలకుండా పడి ఉన్నదాన్ని చూస్తే ఎక్కడికో ఒకచోటికి పంపించెయ్యాలనిపించే మనిషి. రిటైరయ్యాక పంపడానికి పార్సిళ్ళు లేకపోవడంతో తనను తానే పంపుకుంటున్నారు. ఏడింటికి మొజంజాహీ మార్కెట్, పదింటికి బేగం బజార్, పన్నెండుకు ఆబిడ్స్, మూడింటికి మళ్ళీ బేగం బజార్. కూర్చోమంటే కుర్చీ అంచున, వేడి పెనం మీద కూర్చున్నట్టు కూర్చుంటారు. యూనీసమ్మ పళ్ళెంలో అన్నం వడ్డించి కూర కోసం వెనక్కి తిరిగేలోగా పళ్ళెమూ మనిషీ వరండాలో ఉంటారు.

అందరూ చొక్కా జేబులో పెన్ను పెట్టుకుంటే ఆయన గింజలు పెట్టుకుంటారు. ఒక ఆదివారం చర్చిలో కానుకల సంచి దగ్గరికొచ్చినప్పుడు జేబులోంచి నోటు లాగబోతే గుప్పెడు రాజ్మా నేలమీద దొర్లాయి. పాట పాడుతున్న కోయిర్‌లో ముందు వరస మొత్తం వాటిమీద కాలేసి, ఒక చరణం ముందుకు జారిపోయిందని చెబుతారు. కాచిగూడ నుంచి కర్నూలు పోతూ ఎదుటి సీటాయన చెంబులో పెసలు పోశారనీ, ఆయన దిగేసరికి చెంబు మూత పట్టలేదనీ ఇంకో కథ. దవాఖానలో ఎవరినో చూడ్డానికి వెళ్ళి మంచం కింది జగ్గులో బొబ్బర్లు నానబెడితే, డ్యూటీ మారి వచ్చిన నర్సు అది కొత్త మందనుకుని పూటకు రెండు చెంచాలు పోసిందట. ఇందులో సగం అబద్ధం. ఏ సగమో యూనీసమ్మకు కూడా తెలియదు.

ఆవిడ చెయ్యగలిగినంతా చేసింది. బయటికి పోయేముందు గడప దగ్గర నిలబెట్టి జేబులు వెతికేది.

"ఇవేంది?"

"దారిల తిననీకి."

"పచ్చి ఉలవలా? నువ్వేమన్న గుర్రానివా?"

అంతా సరేగానీ, ఇన్నేళ్ళలో ఆయన ఒక్క ఇంటి జోలికి మాత్రం పోలేదని యూనీసమ్మ లెక్క. అది ఓనరు రాధాకృష్ణమూర్తి గారిది. ఆయన లెక్కల లెక్చరరుగా రిటైరైన మనిషి. మాట తక్కువ, కోపం ఎక్కువ. పిల్లల్లేరు. భార్య విద్యావతమ్మ ఉన్నప్పుడు కింది వంటింట్లోంచి ఇంగువ తాలింపు వాసన వస్తే యూనీసమ్మ మిషను ఆపి పీల్చేది. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది. ఆ రోజు మూసిన వంటింటి తలుపు మళ్ళీ తెరుచుకోలేదు. మెస్సు నుంచి రెండు పూటలా క్యారేజీ వచ్చేది, సగం పైగా అలాగే తిరిగిపోయేది. ఆయన పేపరు తెరిచి మధ్యాహ్నం దాకా ఒకటే పేజీ చూస్తుండేవారు.

ఆగస్టులో ఒక గురువారం సాయంత్రం నీళ్ళ ట్యాంకు పొంగుతోందని చెప్పడానికి రిచర్డ్ గారు కిందికి దిగారు. పది నిమిషాలకు పైకొచ్చారు. చొక్కా చేతులు మోచేతుల దాకా తడి. యూనీసమ్మ పాదం మిషను మీద ఆగిపోయింది.

"ఏం జేసినవ్?"

"ఏం జెయ్యలే."

"చేతులెట్ల తడిసినయ్?"

"నల్లా తిప్పిన."

"ఎవరి నల్లా?"

ఆయన అప్పటికే మెట్లమీద ఉన్నారు. బేగం బజార్‌లో పనుందట.

మర్నాడు ఐదున్నరకు యూనీసమ్మ కళ్ళు తెరిచేసరికి, వరండాలో రిచర్డ్ గారు ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. కింద ఫోన్ మోగడం నేలలోంచి వినబడింది.

"ఉబ్బినయా?"

తర్వాత కింద ఒక తలుపు తెరుచుకున్న చప్పుడు. ఆ తర్వాత వచ్చిన అరుపుకు ఫోన్ అవసరం లేకపోయింది.

పదేళ్ళలో మొదటిసారి రాధాకృష్ణమూర్తి గారు పైకి ఎక్కి వచ్చారు. బనీను, పంచె, చేతిలో ఖాళీ డబ్బా. డబ్బా మీద అతికించిన కాగితం ముక్కపై 'శనగలు' అని గుండ్రటి అక్షరాలు.

"ఇది విద్యావతి చేతిరాత. ఆమె నింపిన డబ్బా. ఆర్నెల్లుగా నేనే ముట్టుకోలేదు. నువ్వెవరివయ్యా మూత తియ్యడానికి?" ఆయన డబ్బాను చంకలో పెట్టుకున్నారు. "నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యండి."

యూనీసమ్మకు కళ్ళముందు గది, మిషను, ఖాతాదార్లు అన్నీ ఒక్కసారి గిర్రున తిరిగాయి. రిచర్డ్ గారు నోరు తెరిచారు. క్షమించమంటారేమో అని ఆవిడ చిన్న ఆశ.

"సార్, ఒక్క ముచ్చట. పులుపు మాత్రం ముందుగాల వెయ్య…"

యూనీసమ్మ ఆయన కాలు తొక్కింది. ఎముక విరిగేంత గట్టిగా తొక్కింది. మాట అక్కడే ఆగింది. ఓనరు గారు దిగిపోయారు. రిచర్డ్ గారు కుంటుకుంటూ మొజంజాహీ మార్కెట్‌కు పోయారు.

ఆ రోజు యూనీసమ్మ కుట్టిన మూడు బ్లౌజుల్లో ఒకదానికి రెండు చేతులూ ఎడమ చేతులే. పదిన్నరకు కింద కుక్కర్ విజిల్ వేసింది. ఆవిడ మిషను ఆపింది. ఆ వంటింట్లోనా? ఇంకోటి. ఇంకోటి. పదకొండు దాకా లెక్కపెట్టింది. కాసేపు ఆగి మళ్ళీ మొదలు. మధ్యాహ్నం మూడయ్యేసరికి పంతొమ్మిది. కుక్కర్‌ను శిక్షిస్తున్నాడా ఈ మనిషి?

సాయంత్రం ఐదింటికి ధైర్యం కూడగట్టుకుని, కాళ్ళావేళ్ళా పడైనా సరే గది నిలబెట్టుకోవాలని కిందికి దిగింది. రాధాకృష్ణమూర్తి గారు పొయ్యి ముందు నిలబడి ఉన్నారు. కళ్ళద్దాలకు ఆవిరి, బనీనుకు పసుపు.

"అమ్మా యూనీస్, మంచి టైముకు వచ్చినవ్. ఇవి శనగలా, గోలీలా?"

ఆవిడ ఒకటి నోట్లో వేసుకుంది. పన్ను కలుక్కుమంది. దాని వెనకే పులుపు తగిలింది.

"సార్, చింతపండు రసం ఎప్పుడు పోసిన్రు?"

"మొదట్లోనే. అన్నీ ఒకేసారి వేస్తే ఒక పని తగ్గుతది గదా."

"పులుపు పడినంక ఇగ మెత్తబడయి సార్. ఎండాకాలం దాంక ఉడకబెట్టినా గింతే."

"మరి ఆ సంగతి మీ ఆయన పొద్దున చెప్పొచ్చు గదా!"

"చెప్పవోయిండు సార్." యూనీసమ్మ తల దించుకుంది. "నేనే కాలు తొక్కిన."

ఆయన గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. దగ్గనుకుని ఆవిడ మంచినీళ్ళ కోసం చూసింది. దగ్గు కాదు, నవ్వు. ఆర్నెల్లుగా వాడని నవ్వు కావడంతో కాస్త తుప్పు పట్టి వచ్చింది.

"పారబొయ్యకపోయిన్రా సార్?"

"విద్యావతి కొన్న గింజలమ్మా. పారబోస్తే ఆమెకేం జవాబు చెప్పాలె?" ఆయన అటక మీది డబ్బాలు చూపించారు. "ఇవ్వాళ అన్నీ తీసి చూసిన. పెసలు పిండైనయ్. బొబ్బర్ల నిండ పురుగు. శనగలొక్కటే మిగిలినయ్. ఇంకో నెలైతే అవి గూడ పోతుండె."

నానిన శనగలు ఇంకా సగం గిన్నెలో ఉన్నాయి. యూనీసమ్మ కొంగు దోపుకుంది. పులుపు లేకుండా ఉప్పేసి ఉడికించింది. ఆ ఇంట్లో ఉల్లీ వెల్లుల్లీ వాడరు. అందుకని ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టి, అల్లం, కొబ్బరి కోరు చల్లి, దించాక నిమ్మకాయ పిండింది. ఇంగువ వాసన మెట్లెక్కి డాబా మీది గది దాకా పోయింది. ఆ గదిలో కిరాయికుండే మనస్విని గిన్నె పట్టుకుని దిగింది.

"అంకుల్ ఇక్కడ గూడ నానబెట్టిన్రా?"

"నీ రూంల గూడ జేసిండా?" యూనీసమ్మ గరిటె ఆగింది.

"జనవరిల జాబ్ పోయింది గదా ఆంటీ. నాలుగు రోజులు మంచం దిగలే. అంకుల్ వచ్చిండు, నీళ్ళు తాగిండు, పోయిండు. పొద్దున్నే ఫోన్. తిట్టుకుంట లేచిన. చూస్తే కిలో రాజ్మా! ఒక్కదాన్ని ఎంత తింట? గల్లీ అంత పంచిన. మెడికల్ షాపు భూపాల్ అన్నకిస్తే, మా దుకాణంల మనిషి గావాలె, వస్తవా అన్నడు. గట్ల దొరికిందే ఈ పని."

యూనీసమ్మకు చెల్లెలు తబిత ఇల్లు గుర్తొచ్చింది. ఎనిమిది మంది, మూడు పూటలా పొయ్యి వెలిగే ఇల్లు. వంటింట్లో బస్తా నిండా శనగలు. అక్కడికి నెలకు రెండుసార్లు పోతాడు. టీ తాగి వస్తాడు. ఒక్క గింజ తడపలేదు. ఇన్నేళ్ళుగా జేబులు వెతికిన మనిషికి ఈ సంగతి ఎందుకు తట్టలేదో ఆవిడకే అర్థం కాలేదు.

ఫోన్ చేసి "ఇంటికి రా" అంది. ఆయన పావుగంటలో వచ్చి, గుమ్మం బయటే నిలబడి, కాళ్ళు మార్చుకుంటూ అన్నారు.

"సామాన్లు కట్టాల్నా?"

"ఏమయ్యా, నువ్వు ఇల్లు జూసి నానబెడ్తవా?"

"నాకేమెరుక? ఎండు గింజ కనవడితే చెయ్యాగది."

"తబిత ఇంట్ల ఎట్ల ఆగింది?"

రిచర్డ్ గారు గడియారం లేని మణికట్టు చూసుకున్నారు. "బేగం బజార్ మూసేస్తరు. పోయొస్త."

"రిచర్డ్!" లోపలినుంచి పాఠం చెప్పే గొంతు వినబడింది. "ఇల్లు ఖాళీ చెయ్యనక్కర లేదు. కూసో."

యూనీసమ్మ గబగబా పీట వేసింది. రిచర్డ్ గారు పీట అంచున కూర్చున్నారు. ఆవిడ తను వండిన గుగ్గిళ్ళు వడ్డించబోతే రాధాకృష్ణమూర్తి గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"అవి నువ్వు వండినవమ్మా. ఇవి నేను వండినవి." పంతొమ్మిది విజిళ్ళ గిన్నె తెచ్చి పళ్ళెం నిండా పోశారు. "పుట్టి బుద్ధెరిగినంక మొదటి వంట. తిని చెప్పు."

గింజలు పళ్ళెంలో గలగలా మోగాయి. నానబెట్టడంలో నాంపల్లిని ఏలిన మనిషికి ఆ చప్పుడుతోనే విషయం బోధపడింది. ఒక్కసారి యూనీసమ్మ వంక చూసి, ఒక శనగ నోట్లో వేసుకున్నారు. దవడ అటు తిరిగింది, ఇటు తిరిగింది. ఒక్కో గింజకూ ఒక స్టేషన్ దాటినంత సేపు పట్టింది. లేవలేదు, వరండాలోకి పోలేదు. ముప్పావుగంట కదలకుండా కూర్చుని, మనస్విని నవ్వు ఆపుకోలేక మెట్లెక్కి పారిపోయినా తల ఎత్తకుండా, అడుగున ఉన్న చివరి గింజ దాకా నమిలారు.

"ఎట్లున్నయ్?" అని అడిగారు రాధాకృష్ణమూర్తి గారు, పరీక్ష రాసిన పిల్లాడిలా.

"మస్తున్నయ్ సార్. మా యూనీసుకు గూడ గింత కుదరదు."

లెక్చరరు గారి ముఖం వెలిగిపోయింది. గిన్నె వంచి ఇంకో రెండు గరిటెలు పోశారు.