మారు అడిగేదాకా

మధ్యాహ్నం మూడింటికి ఖాళీ టిఫిన్ డబ్బాలు తిరిగొచ్చేసరికి రూతమ్మ గడప ముందు పీట వేసుకుని కూర్చునుంటుంది. ఒక్కో మూతా తీసి, డబ్బాను వెలుతురుకు వంచి, అడుగున వేలితో రాసి చూస్తుంది. మిర్యాలగూడ ఆడపిల్లల హాస్టల్లో ఇరవై ఆరేళ్లు వండిన చెయ్యి ఆమెది. ఉప్పు ఇప్పటికీ పిడికెడు తీస్తుంది; పదిమందికే కదా అని గుర్తొచ్చి సగం వెనక్కి రాలుస్తుంది. ఇప్పుడు సూర్యాపేటలో, బట్టల దుకాణంలో పనిచేసే ఆడపిల్లలకు వారం పాటు రోజూ పది డబ్బాలు పంపి చూడాలని, నడిచేలా ఉంటేనే వంటకు గది కిరాయికి తీసుకోవాలని కూతురు గీత షరతు. నాలుగు రోజులుగా డబ్బాలన్నీ ఖాళీగానే వస్తున్నాయి. "ఇంకేం గావాలమ్మా?" అంటుంది గీత. "ఖాళీ అయితే ఏందే? కుక్కకు పెట్టిండ్రేమో, ఎవలు సూసిండ్రు?" అంటుంది రూతమ్మ.

హాస్టల్లో ఈ అనుమానమే ఉండేది కాదు. పప్పు కుదిరిన రోజు పిల్లలు పళ్లేలు పట్టుకుని, ఇంకొంచెం కావాలంటూ మారుకు లేచేవాళ్లు. కుదరని రోజు ఒక్కతీ లేచేది కాదు. ఆ పళ్లేల చప్పుడు లేని వంట ఆమెకు వంటలాగే అనిపించడం లేదు. ఐదో రోజు డబ్బాలు రాకముందే ఫోన్ మోగింది. దుకాణంలో పిల్ల. "అమ్మా, రేపు పప్పు జర ఎక్కువ పెడ్తవా? నాకు సాల్తలేదు." పక్కనుంచి విన్న గీత మొహం మాడ్చుకుంది. "గిట్ల అందరు అడిగితే మనకేం మిగుల్తదమ్మా?" రూతమ్మకు ఆ మాట వినపడలేదు. అప్పటికే పీట మీంచి లేచి గరిటె చేతిలోకి తీసుకుంది. "పళ్లెం పట్టుకోని ఒకతి లేచిందే బిడ్డా! ఇగ కిరాయికి రూమ్ సూడు."