కండక్టరన్న గుల్‌ఖైరాలు

మా పక్కింటి కండక్టరన్న పోయిన బుధవారం పొద్దున చనిపోయాడు. గుండెనొప్పి అన్నారు, దవాఖానకు తీసుకుపోయేలోగానే అయిపోయింది. కొడకండ్ల బస్సులో టికెట్లు కొట్టి రిటైరైన మనిషి. జనగామలో మా వీధివాళ్లకు ఆయన పేరుతో ఎప్పుడూ పనిపడలేదు. ఆ రోజు నుంచి నాకు ఒకచోట కూర్చోబుద్ధి కావడం లేదు. మనిషి పోయిన బాధ ఒకటైతే, గోడ అవతల ఆయన పెంచిన గుల్‌ఖైరాలు ఇంకొకటి.

ఎరగనివారికి చెబుతున్నాను. అది మనిషంత ఎత్తు నిలువుగా పెరిగే పూలమొక్క. పువ్వు అచ్చం బెండపువ్వే, రంగు మాత్రం గులాబీ. చలికాలం మంచు పడితే కింది ఆకుల వెనక ఎర్రటి పొక్కులు లేస్తాయి. తుప్పు తెగులు అంటారు. ఊరుకుంటే తోటంతా పాకుతుంది.

అన్న పొద్దున్నే వంగి ఆకులు తిరగేసేవాడు. మచ్చ కనబడితే తుంచి, "టికెట్ లేదు, దిగు" అంటూ సంచిలో వేసేవాడు. ఆ ఆకులను పెంటకుప్పలో పడనిచ్చేవాడు కాదు, నీళ్లపొయ్యిలో కాల్చేవాడు. నీళ్లు చెట్టు మొదట్లోనే పోయాలి, ఆకు తడవకూడదు. "చెట్టుకు చెట్టుకు నడుమ గాలి ఆడాలె. నా బస్సు లెక్క కుక్కితే ఒకని రోగం అందరికి అంటుతది" అనేవాడు.

ఒకసారి నేను పూలకాడకు దారంతో బెండకాయ కట్టి, "అన్నా, కాత మొదలైంది" అని పిలిచాను. ఆయన తాపీగా వచ్చి, కాయను వేళ్లతో నొక్కి చూసి, "ముదురుది. కట్టినోని లెక్కనే ఉన్నది" అన్నాడు. వీధంతా నవ్వింది. ఆ వారమంతా నా పేరు ముదురు బెండకాయ.

ఆయన పోయాక మంచు ఇంకా ఎక్కువైంది. గోడ మీంచి చూస్తే మచ్చలు కింది ఆకుల నుంచి పైకి ఎక్కుతున్నాయి. మొగ్గలు ఇంకా విచ్చలేదు. మైల చెయ్యి తగిలితే చెట్టు మాడుతుందని అన్న భార్య, మా వదిన, ఇంట్లో ఎవరినీ అటు పోనివ్వడం లేదు. దినాలయ్యేదాకా ఆగితే మొక్కలు దక్కవు. నిన్న పొద్దున ఆగలేక సంచి పట్టుకుని పోయాను.

"వదినా, నేను మీ ఇంటిపేరు పాలోణ్ని కాదు, నాకు మైల లేదు. జర ఆకులు తెంపుత."

"తెంపి?"

"పొయ్యిల పెడ్త. అన్న గట్లనే చేసేటోడు గద."

ఆమె దూరంగానే నిలబడి, "ఏదీ, ఒకటి తిప్పి చూపియ్ తమ్మీ" అంది. చూపించాను.

"ఎరువుల దుకాణమాయన దీన్ని కుంకుమ తెగులన్నడు. కుంకుమను పొయ్యిల ఎట్ల పెడ్తరని మీ అన్నతోని కొట్లాడిన. గప్పటిసంది ఆ పేరు నా ముంగట ఎత్తలే. టికెట్ లేదు, దిగు అనుడు మొదలువెట్టిండు."

ఇన్నేళ్లూ నేను దాన్ని బస్సు అలవాటే అనుకున్నాను. ఆకు వదిలేసి తలెత్తాను. ఆమె నుదుటి మీద బొట్టు ఇంకా ఉంది. దినాలనాడు తీస్తారు.

"మొగ్గలన్న దక్కనీ. తెంపు" అంది.

మచ్చపడ్డ ఆకులన్నీ తెంపాను. కాడలు మోకాళ్ల దాకా బోసిపోయాయి. పొయ్యిలో వేస్తే పచ్చి ఆకులు ఒక పట్టాన అంటుకోలేదు, పొగ కమ్ముకుంది. ఆమె లోపలికి పోలేదు. ఎడమచేత్తో నుదురు కప్పుకుని, ఆఖరి ఆకు కాలేదాకా అక్కడే నిలబడింది.