వేరు కవరు

నలభై ఏళ్ళు కాపురం చేసి ఇప్పుడు మావిస్ మొగుణ్ణి వదిలేసి, నది దాటి కెనడాలో ఉన్న అక్క దగ్గరికి పోతోందని, అమెరికా సరిహద్దు మీది చిన్న ఊరు టామరాక్ ఫాల్స్‌లో పుకారు లేచింది.

అది లేచింది పోస్టాఫీసు కిటికీ దగ్గర. పాస్‌పోర్టు కొత్తది చేయించుకోడానికి మావిస్ కవరు పంపుతుంటే, "మీ ఆయనది కూడా ఇందులోనే ఉందా?" అని గుమాస్తా మామూలుగా అడిగింది. "లేదు, నాదొక్కటే" అంది మావిస్. వెనక నిలబడ్డ వర్నా చెవిన ఆ మాట పడింది. ఆదివారం ప్రార్థన ముగిసి, చర్చి నేలమాళిగలో అందరూ కాఫీలు పోసుకునే వేళకి దానికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. ఏటా వేసవిలో ఇద్దరూ ఒకే పడవలో చేపల వేటకి నది దాటే వాళ్ళు కదా, పాస్‌పోర్టు ఒక్కతే ఎందుకు పంపుకుంటుంది?

ఆ ఊళ్ళో ఎవరినీ ముఖాన అడగరు. కష్టం వచ్చిన ఇంటికి ఓవెన్లో కాల్చిన హాట్‌డిష్ ఒకటి పట్టుకెళ్ళి, చలి గురించి నాలుగు మాటలాడి వచ్చేస్తారు. అడిగినట్టూ ఉండదు, ఊరుకున్నట్టూ ఉండదు.

మంగళవారం మధ్యాహ్నం ఐనార్ తలుపు తీసేసరికి గుమ్మంలో వర్నా ఉంది. చేతుల్లో వెడల్పాటి గాజు పళ్ళెం, దాని మీద రేకు కాగితం.

"మావిస్ బొంతలు కుట్టడానికి చర్చికి వెళ్ళింది" అన్నాడు ఐనార్.

"తెలుసు. అందుకే ఇప్పుడొచ్చాను. లోపల మాంసం, పైన బంగాళదుంపలు. ఇద్దరికైతే రెండు పూటలు. ఒక్కడివే అయితే వారమంతా తినొచ్చు."

"ఒక్కణ్ణే ఎందుకవుతాను?"

"మాటవరసకన్నాలే. ఈ చలి ఇప్పట్లో తగ్గేలా లేదు."

పళ్ళెం అతని చేతుల్లో పెట్టి, జారకుండా అడుగులో అడుగేసుకుంటూ వెళ్ళిపోయింది. చీకటి పడకముందే మరో ఇంటి నుంచి ఇంకో పళ్ళెం వచ్చింది. రెంటినీ వంటగది బల్ల మీద పెట్టి ఐనార్ వాటి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్ళమ్మ పోయినప్పుడు ఇదే బల్ల మీద ఇలాంటి పళ్ళేలే వరసగా ఉన్నాయి. మావిస్ తనని వదిలేస్తోందనుకుని ఊరు తన మీద జాలి పడుతోందని ఇప్పుడర్థమైంది అతనికి. ఆ జాలికి తను తగడని కూడా తెలుసు.

ఐనార్ రిటైరయ్యేదాకా ఆ జిల్లా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపాడు. అక్కడ ఇంటింటి ముందూ రోడ్డు పక్క గుంజకి టపా పెట్టె ఉంటుంది; పంపే ఉత్తరం అందులో వేసి, టపా బండివాడికి గుర్తుగా దాని జెండా ఎత్తుతారు. ఆ పెట్టెలు మంచు బండి దెబ్బకి పడిపోవడం ప్రతి చలికాలం జరిగేదే. పెట్టె పోయినవాళ్ళు కాఫీల దగ్గర పట్టుకుని సణిగితే, "మంచు పడే పొద్దున జెండా ఎత్తి ముఖ్యమైన టపా ఎవడు పెట్టమన్నాడు? పోస్టాఫీసు దాకా నడవలేవా?" అని నలుగురిలో కడిగేసేవాడు. అలా కడిగించుకోని ఇల్లు ఊళ్ళో తక్కువ.

ఈ పుకారుకి ముందు, జనవరిలో, ఇద్దరి పాస్‌పోర్టుల గడువు ముగియవచ్చింది. మావిస్ అక్క బెరిట్ అవతలి ఒడ్డున తుంటి విరిగి మంచాన ఉంది. దరఖాస్తులు, ఫోటోలు, పాత పాస్‌పోర్టులు అన్నీ సర్ది, ఇద్దరివీ ఒకే పెద్ద కవర్లో పెట్టి మావిస్ మరీ మరీ చెప్పింది. "ఐనార్, ఇది కిటికీలో ఇచ్చి రా. ఎక్కడుందో చూసుకునే నంబరు తీసుకో. పోతే ఇద్దరికీ లేకుండా పోతాయి."

సరేనన్నాడు. బయట మంచు కురుస్తోంది. బండి అద్దాల మీది మంచు గీకాలి, ఇంజను వేడెక్కాలి. బద్ధకించాడు. కవరు ఇంటి ముందు పెట్టెలో పడేసి ఎర్ర జెండా ఎత్తాడు. టపా బండి వచ్చేలోపు మంచు తోసే బండి వచ్చింది.

మధ్యాహ్నం చూస్తే పెట్టె లేదు, దాని గుంజ లేదు. పార పట్టుకుని రోడ్డు పక్క మంచు గట్టంతా తవ్వాడు. పెట్టె దొరికింది, కవరు దొరకలేదు. "పంపావా?" అని మావిస్ అడిగితే "పంపాను" అన్నాడు. "నంబరేది?" అంటే "కోటు జేబులో ఉంది" అన్నాడు. ఆమె అక్కకి ఫోను చేసి, కాగితాలు వెళ్ళిపోయాయి, ఎండ ముదిరేలోపు వస్తానని చెబుతుంటే పక్క గదిలో కూర్చుని విన్నాడు. ఆమె కొట్టుకి వెళ్ళినప్పుడల్లా పార తీసేవాడు.

మంచు కాస్త కరిగాక కవరు బయటపడింది. అతని కంటే ముందు మావిస్‌కే కనపడింది. ఆమె దాన్ని లోపలికి తెచ్చింది. బల్ల మీద విప్పి చూసింది. తన కాగితాలు ముందుజాగ్రత్తగా జిప్పు సంచిలో పెట్టుకుంది కాబట్టి తడి అంటలేదు. అతనికీ ఒక సంచి ఇచ్చింది గాని అప్పుడతను నవ్వి పక్కన పడేశాడు. అతని పాస్‌పోర్టు నాని, ఉబ్బి, ఫోటోలో ముఖం చెదిరిపోయింది. పాడైన పాస్‌పోర్టుకి టపా పనికిరాదు, మనిషే వెళ్ళి అధికారి ముందు నిలబడి చెప్పుకోవాలి. అందుకని మావిస్ తన కవరు వేరుగా కట్టి, తనే కిటికీకి తీసుకెళ్ళింది.

సాయంత్రం ఆమె ఇంటికొచ్చి బల్ల మీది పళ్ళేలు చూసింది. ఒకదాన్ని ఎత్తి, అడుగున అంటించిన పట్టీ మీద పేరు చదివింది.

"ఎవరు పోయారు?"

"మనమే" అన్నాడు ఐనార్.

ఆమె నవ్వలేదు. కోటు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. "నేను వెళ్ళేసరికి అక్కడ మాటలాగిపోయాయి. కత్తెరలు తప్ప చప్పుడు లేదు. నా పక్క కుర్చీలో ఎవరూ కూర్చోలేదు."

"చెప్పెయ్యాల్సింది."

"ఏమని? మా ఆయన పెట్టె దగ్గర టపా పోగొట్టి, నా ముఖం చూసి అబద్ధమాడాడనా? ఆ మాట నా నోట రాలేదు. మొగుణ్ణి వదిలేసేదాన్ననుకుంటే అనుకోనీ అని కుట్టుకుంటూ కూర్చున్నా."

ఐనార్ చెవులు ఎర్రబడ్డాయి. తన సిగ్గుని ఆమె తన కొంగున కట్టుకుని మధ్యాహ్నమంతా కూర్చుందన్నమాట. ఆ రాత్రి వర్నా ఇచ్చింది ఇద్దరూ తిన్నారు. బాగానే ఉంది. 

ఆదివారం కడిగిన పళ్ళేలు రెండూ పట్టుకుని నేలమాళిగ మెట్లు దిగాడు. మావిస్ వెనకే ఉంది. ఇప్పుడు మంచు బండి నడిపే కర్టిస్ కాఫీ పాత్ర దగ్గరే ఉన్నాడు. ఐనార్ వర్నా ముందు పళ్ళెం పెట్టి, దాని అంచు పట్టుకునే నిలబడ్డాడు.

"మావిస్ ఎక్కడికీ పోవట్లేదు, వర్నా. పాస్‌పోర్టులు నేను ఇంటి ముందు పెట్టెలో వేశాను. మంచు పడుతుండగా. పెట్టె ఎగిరిపోయింది. నాది నానిపోయింది. పంపానని తనతో అబద్ధం కూడా ఆడాను."

కాఫీలు పోసుకుంటున్నవాళ్ళు ఇటు తిరిగారు.

"జెండా ఎత్తా?" అన్నాడు వెనక నుంచి ఓ ముసలాయన. ఐనార్ చేత ఒకప్పుడు గట్టిగా చివాట్లు తిన్నవాడే.

"ఎత్తే."

"పోస్టాఫీసు దాకా నడవలేకపోయావా?"

నవ్వులు లేచాయి. ఐనార్ తలెత్తలేదు. కర్టిస్ నొచ్చుకుంటూ, "తప్పు నాదే పెద్దాయనా, ఆ మలుపులో నాకు కనపళ్ళేదు" అన్నాడు.

"నాకూ ఎప్పుడూ కనపడేది కాదురా" అన్నాడు ఐనార్.

వర్నా కేకు ముక్కల పళ్ళెం ముందు మావిస్ వైపు జరిపింది. తన పక్క కుర్చీ మీదున్న కోటు తీసి ఒళ్ళో పెట్టుకుంది. మావిస్ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. ఆ పూట ఐనార్‌కి కాఫీ ఎవరూ పొయ్యలేదు, తనే పోసుకున్నాడు.

ఏప్రిల్లో మావిస్ కొత్త పాస్‌పోర్టు వచ్చింది. ఐనార్‌ది ఇంకా రాలేదు. మావిస్ చిన్న సంచి భుజాన వేసుకుని ఒంటరిగా కెనడా వైపు నది వంతెన మీద నడిచి వెళ్ళడం ఎవరో చూశారు. చర్చి నేలమాళిగలో ఐనార్ చెప్పింది అందరి చెవినా పడలేదు కదా, అయితే నిజంగానే వెళ్ళిపోయిందని మళ్ళీ మొదలైంది.

వంతెనకి ఇవతల, ఎరలమ్మే కొట్టు పక్కన ఐనార్ బండి ఆగి ఉంది. ఆమెని తెచ్చి దింపింది అతనే. సాయంత్రం ఆమె తిరిగి నడిచి వచ్చేదాకా అందులోనే కూర్చుని, ఆమెని ఎక్కించుకుని ఇంటికి వెళ్ళాడు.