మైకులో నేనన్న మాట

ఆరేళ్ల కిందట గోదావరిఖనిలో బొగ్గుగనుల జట్ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు జరిగాయి. మా గని జట్టుకు నేను మేనేజర్‌ని. రెఫరీ ఖాజా అన్న మా గనిలోనే సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు గని పైకప్పును కర్రతో తట్టి, ఆ చప్పుడు విని, ఆయన సరేనంటేనే మేము లోపలికి అడుగుపెట్టాలి. మా గనివాడే అయినా ఎవరి పక్షమూ వహించడని అందరూ ఆయన్నే రెఫరీగా పిలిచేవారు.

ఫైనల్లో మా బంతి గీత దాటింది. ఆయన గోల్ ఇవ్వలేదు. ఓడిపోయాం. నేను కోపం పట్టలేక మైకు లాక్కున్నాను.

"ఈయనకు గీత దాటిన బంతే కనవడలే. రేపు గనిల పైకప్పు ఏం కనవడ్తది?"

మైదానమంతా నవ్వింది. ఖాజా అన్న విజిల్ జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు మొదటి షిఫ్టులో ఆయన పైకప్పు తట్టి, "ఆగుండ్రి. సప్పుడు మంచిగ లేదు," అన్నాడు.

మా గోల్‌కీపర్ సమ్మయ్య నవ్వాడు. "నీకు గీతనే కనవడలేదు గద అన్నా," అంటూ రెండడుగులు ముందుకు వేశాడు. వెనకున్న నేనూ నవ్వాను. అంతలో పైనుంచి పెద్ద పెళ్ల ఊడిపడింది. సమ్మయ్య కుడికాలు మోకాలి దాకా పోయింది.

దవాఖానలో ఖాజా అన్న నా పక్కన కూర్చున్నాడు. "ఫోన్ల వీడియో చూసిన తమ్మీ. బాల్ గీత దాటింది. నువ్వన్నది నిజమే."

ఇప్పటికీ రోజూ గనిలో కర్ర చప్పుడు వింటాను. దాని వెనకే నా నవ్వు వినిపిస్తుంది.