పిట్టకాలికి కట్టిన దారం

కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో ఇరవై ఆరేళ్ళుగా అద్దాలు అరగదీస్తున్న మనిషికి యాభై మూడో ఏట ఒక సరదా పట్టుకుంది. వీధిలో అందరూ ఆయన్ని అద్దాలాయన అనేవారు. దుకాణం యజమానికి కూడా హాజరుపట్టీ చూస్తే తప్ప ఆయన అసలు పేరు గుర్తొచ్చేది కాదు.

ఆయనకి రోత ఎక్కువ. పని అలాంటిది. మరమ్మతుకొచ్చే కళ్ళజోళ్ళు ముక్కు జిడ్డుతో, చెవి గులిమితో, మడతల్లో చుండ్రుతో వస్తాయి. పాత బ్రష్షుతో అదంతా గీకి, సబ్బునీళ్ళలో ముంచి తీస్తేగాని ఆయన చెయ్యి పనిమీదికి పోదు. "రోజూ ముఖాన పెట్టుకునే వస్తువే ఇంత కంపుగా ఉంటే, మనుషుల లోపల ఇంకెంత ఉంటుందో" అని ఒకసారి భార్యతో అన్నాడు. ఆవిడ గళ్ళనుడికట్టులోంచి తలెత్తకుండా, "వేదాంతం ఆపి, అయిదక్షరాల్లో 'పనీపాటా లేనివాడు' అంటే ఏంటో చెప్పండి" అంది.

ఆవిడకి గళ్ళనుడికట్టు ఉంది. ఆవిడ తమ్ముడికి ఫోటోల పిచ్చి ఉంది. ఈయనకే ఏమీ లేదు. ఆదివారం వస్తే నడుం వాల్చడం, లేస్తే పేపరు, మళ్ళీ నడుం. చూసి చూసి విసిగి ఒకరోజు బావమరిదే తన పాత కెమెరా తెచ్చి చేతిలో పెట్టాడు. కరెంటాఫీసులో మీటర్లు చూసే ఉద్యోగం అతనిది.

"నాతో రా బావా. వారమంతా ఊళ్ళో వాళ్ళ కళ్ళు బాగుచేస్తావు, నీ కళ్ళకేం చూపిస్తున్నావు?"

అలా అద్దాలాయన ఆదివారం పొద్దున్నే పిట్టల ఫోటోలు తీసే సంఘంలో చేరాడు. సంఘమంటే ఎనిమిదిమంది. వాళ్ళకి పెద్దదిక్కు ఒక పళ్ళడాక్టరు. తెల్ల టోపీ, ఇస్త్రీ చొక్కా, గోళ్ళు అద్దంలా మెరుస్తుంటాయి. గొంతు ఎంత మెత్తనంటే, పన్ను పీకించుకున్నవాళ్ళు కూడా లేచి దండం పెట్టి వెళ్ళేవారు. ఫ్లాస్కులో టీ తెచ్చి అందరికీ తనే పోసిచ్చేవాడు. అంత శుభ్రమైన మనిషిని అద్దాలాయన అంతకుముందు చూడలేదు. చూసీచూడగానే ఆయన మీద గురి కుదిరింది.

మొదటి రెండు నెలలూ ఆయనకి ఒళ్ళు తెలియలేదు. వేలెడంత పిట్ట నీళ్ళు తాగి తల పైకెత్తి మింగడం కెమెరాలో చూసి, ఇంటికొచ్చి భార్యకి తన తల పైకెత్తి మరీ చూపించాడు.

అయితే కొన్ని సంగతులు మొదట్నుంచీ ఆయనకి గొంతులో ముల్లులా గుచ్చుకునేవి. "ఇవాళ ఎన్ని కొట్టావు?" అని అడుగుతారు, ఫోటోల గురించే. కూర్చున్న పిట్ట ఎగిరితే ఫోటో బాగుంటుందని బావమరిది రాయి విసురుతాడు. ఎవరికీ దొరకని పిట్ట తనకి దొరికితే, మిగతావాళ్ళు వచ్చేలోగా చప్పట్లు కొట్టి తరిమేసేవాడు ఇంకొకడున్నాడు. తోలుసంచుల దుకాణంలో పనిచేసేవాడికి తోలు కంపు తెలియనట్టు, నాలుగు వారాలు పోయాక అద్దాలాయనకీ ఇవేవీ తెలియడం మానేశాయి.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, మూతపడ్డ ఇటుకబట్టీ వెనక ముళ్ళపొదలో డాక్టరు ఒక గూడు చూపించాడు. దోసెడంత గూడు. అందులో ఇంకా సరిగా ఈకలు రాని మూడు పిల్లలు, నోళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. తల్లిది పసుపు పొట్ట, బూడిదరంగు తల.

"లోపల వెలుతురు చాలదు" అన్నాడు డాక్టరు. సంచిలోంచి చిన్న కత్తెర తీసి గూడుచుట్టూ ఉన్న రెమ్మలన్నీ ఒద్దికగా కత్తిరించాడు. తర్వాత ఆసుపత్రిలో వాడే సన్నని పట్టకారు తీసి, పిల్లల్ని ఒక్కొక్కటిగా ఎత్తి ఎండలో ఉన్న ఉత్తకొమ్మ మీద కూర్చోబెట్టాడు. అవి నిలబడలేక జారిపోతున్నాయి. ఒకదాని పాదాల కింద జిగురు చుక్క వేశాడు. ఇంకోదాని కాలికి, పళ్ళసందులు శుభ్రం చేసుకునే సన్నని తెల్లదారం రెండు చుట్లు చుట్టి కొమ్మకి ముడేశాడు.

"అయిపోయింది నాన్నా, అయిపోయింది. నొప్పేం ఉండదు" అన్నాడు. ఆమధ్య అద్దాలాయన ఈ డాక్టరు దగ్గరే పన్ను కట్టించుకున్నప్పుడు కుర్చీలో విన్నది సరిగ్గా ఆ మాటే, సరిగ్గా ఆ గొంతే.

"డాక్టరుగారూ, ఇదేంటండీ..."

"వాటికేం తెలుస్తుందయ్యా. మీరు కెమెరా సరిచూసుకోండి, తల్లి వచ్చే వేళయింది."

తల్లి వచ్చింది. ముక్కున ఆకుపచ్చ పురుగుతో గూటి మీద వాలి, ఖాళీగా ఉంటే ఎగిరి, కొమ్మమీది పిల్లల్ని చూసి రెక్కలు రెండూ విప్పి గాలిలో కొట్టుకుంది. వెనకనుంచి ఎండపడి ఆ రెక్కలు దీపాల్లా వెలిగాయి. ఎనిమిది కెమెరాలు ఒక్కసారిగా టకటకలాడాయి. అందులో అద్దాలాయనది కూడా ఉంది. గంటన్నరలో తల్లి పదిహేనుసార్లు వచ్చిపోయింది. ఆయన రెండువందల ఫోటోలు తీశాడు.

లేచేటప్పుడు మాత్రం అడిగాడు. "పిల్లల్ని గూట్లో పెట్టేస్తారుగా?"

"పెట్టేస్తాను, మీరు పదండి."

మధ్యాహ్నం ఇంట్లో చూసుకుంటే లెన్సు మూత లేదు. పొద దగ్గరే పడుంటుందని సైకిలు మీద వెళ్ళాడు. మూత దొరికింది. పిల్లలూ అక్కడే ఉన్నాయి.

జిగురు వేసిన పిల్ల కొమ్మమీద నిలబడే చచ్చిపోయింది, నోరు తెరుచుకుని. కళ్ళున్న చోట ఎర్రచీమలు కుప్పగా కదులుతున్నాయి. కొమ్మ మొదటినుంచి చివరిదాకా చీమలబారు, వచ్చేవి వస్తున్నాయి, ఏదో పట్టుకుని పోయేవి పోతున్నాయి. మూడోది కత్తిరించిన రెమ్మల్లో పడి చచ్చి ఉంది. దారం కట్టినది తలకిందులుగా వేలాడుతూ, ఇంకా కొట్టుకుంటోంది. పైన కరెంటు తీగ మీద తల్లి, ముక్కున పురుగు అలాగే పట్టుకుని కూర్చుంది.

దారం తెంపడానికి ఆయన దగ్గర ఏమీ లేదు. గోళ్ళతో లాగితే కాలు తెగేలా ఉంది. వంగి పళ్ళతో కొరికాడు. ఆ దారానికి పుదీనా వాసన పూసి ఉంది. నోరంతా పుదీనా, పెదవిమీద చీమలు, ముక్కు కింద ఆ పచ్చిమాంసపు కంపు. పిల్ల ఆయన అరచేతిలో రెండుసార్లు నోరు తెరిచి, ఇక తెరవలేదు. ఆయన అక్కడే ముళ్ళలో మోకాళ్ళమీద కూలబడి, పొద్దున తిన్నదంతా కక్కుకున్నాడు.

సాయంత్రం బావమరిదికి చెప్తే అతను తేలిగ్గా తీసుకున్నాడు. "మనం కాకపోతే ఏ కాకో తినేది బావా. దాని రాత."

"కాకి తింటుంది. మనమేం తిన్నాం?"

బావమరిది నవ్వి, ఆయన కెమెరాలోని ఫోటోలు తన కంప్యూటర్లో వేసుకుని వెళ్ళిపోయాడు. అద్దాలాయన భార్యకి చెప్పలేదు. మర్నాటినుంచి టూత్‌పేస్టు వాసన పడక ఉప్పుతో పళ్ళు తోముకోవడం మొదలుపెట్టాడు. అడిగితే చిగుళ్ళు వాచాయన్నాడు.

నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. ఏటా జరిగే ఫోటోల ప్రదర్శనలో ఆయన ఫోటోకి మొదటి బహుమతి. ఫోటో పంపింది బావమరిది, దానికి 'మాతృప్రేమ' అని పేరుపెట్టింది డాక్టరు. భార్య ఆ ఉత్తరం పట్టుకుని ఇంటింటికీ తిరిగి చూపించొచ్చింది. దుకాణం యజమాని మురిసిపోయి ఫోటో పెద్దది చేయించి, ముందుగదిలో కళ్ళు పరీక్షించే అక్షరాల పట్టీ పక్కనే వేలాడదీశాడు. వచ్చినవాళ్ళంతా "ఆహా, తల్లంటే తల్లే" అనేవారు. వెనకగదిలో ఆయన ఆ మాట విన్నప్పుడల్లా తేలుకుట్టిన దొంగలా నోరు మూసుకుని, చక్రం మీదికి ఇంకో అద్దం నొక్కేవాడు. డాక్టరు మీద అసహ్యం ఎప్పుడో స్థిరపడిపోయింది. దానితో చిక్కు లేదు. కెమెరా మీట నొక్కిన తన చూపుడువేలు చూసుకున్నప్పుడే అన్నం సయించేది కాదు.

బహుమతుల సభ గ్రంథాలయం హాల్లో. గోడలనిండా ఫోటోలు. భార్య పట్టుచీర కట్టుకుని, తన భర్త ఫోటో ముందు నిలబడి కదలలేదు. గళ్ళమీద పనిచేసిన కళ్ళు ఆవిడవి, దేన్నీ వదలవు.

"ఏమండీ, ఈ పిల్ల కాలికి ఏంటిది, తెల్లగా?"

ఆయన చెప్పేశాడు. అక్కడే, గొంతు తగ్గించి, మొదటినుంచి చివరిదాకా. విన్నంతసేపూ ఆవిడ ఫోటోనే చూసింది.

"ఎన్ని తీశారు?"

"రెండొందలు."

"ఒక్కసారి కూడా ఆపాలనిపించలేదా?"

"అనిపించింది. ఇంకొక్కటి తీసి ఆపుదామనుకున్నా. ప్రతిసారీ అలాగే అనుకున్నా."

ఆవిడ ఆయనకి రెండడుగులు దూరంగా జరిగి నిలబడింది. పాతికేళ్ళ కాపురంలో ఆవిడ అలా జరగడం అదే మొదలు.

పేరు పిలిచారు. డాక్టరు చేతులు చాపి ఎదురొచ్చాడు. అద్దాలాయన జ్ఞాపిక అందుకోకుండా మైకు ముందుకెళ్ళాడు. సభల్లో మాట్లాడి ఎరగడు. "ఇది ప్రేమ కాదండీ" అన్నాడు. "ఆ పిల్లల్ని జిగురుతో అంటించాం, దారంతో కట్టాం. తల్లి ప్రేమగా రాలేదు, ఏడుస్తూ వచ్చింది. సాయంత్రానికి మూడూ చచ్చిపోయాయి. కట్టింది డాక్టరుగారు, తీసింది నేను. పిల్లికి చెలగాటం అంటారు చూడండి, ఆ పిల్లులం మేమే."

అద్దాలాయన ఏదో అవుతుందనుకున్నాడు. డాక్టరు మెత్తగా నవ్వి మైకు తీసుకున్నాడు. "మా అద్దాలాయన మనసు వెన్న. ఆ సున్నితత్వమే ఫోటోలోకి వచ్చింది. చప్పట్లు కొట్టండి." చప్పట్లు పడ్డాయి. న్యాయనిర్ణేత లేచి, ఫోటో నాణ్యత ఒక్కటే చూస్తామని, నిర్ణయం మారదని చెప్పాడు. మొదటి వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ ఆయన చెయ్యి పట్టుకుని ఆపి, ఎంతో ఆప్యాయంగా సలహా ఇచ్చింది.

"దానికంత బాధెందుకు బాబూ, దారం కనపడకుండా కంప్యూటర్లో చెరిపేస్తే సరిపోయేదిగా?"

ఆయనకి మళ్ళీ ఆ పుదీనా నోట్లోకి వచ్చినట్టయింది. గోడమీది ఫోటో చట్రంతో సహా దించి చంకలో పెట్టుకుని బయటికి నడిచాడు. భార్య వెనకే వచ్చింది. ఇద్దరూ బస్సు స్టాపు చేరారు. అక్కడ ఆవిడ చట్రం ఆయన చేతిలోంచి తీసుకుని, ఫోటో లోపలికి తిప్పి తన ఒళ్ళో పెట్టుకుంది. "ముందే చెప్పాల్సింది" అంది. "నాకైనా."

"చెప్తే నువ్వు జరిగిపోతావని భయం."

"జరిగాగా. మళ్ళీ వచ్చాగా."

సంఘం ఆయన్ని తీసేసింది. కెమెరా తిరిగి ఇచ్చేస్తే బావమరిది ఏడాదిపాటు ఇంటి గడప తొక్కలేదు. యజమాని గొణుగుతూనే దుకాణంలో ఫోటో దించాడు. సంఘం మాత్రం పడిపోలేదు. ఎనిమిదిమంది కాస్తా పదిహేనుమంది అయ్యారు. సభలో విన్న కథ వల్లే కొందరికి ఆ సరదా గురించి తెలిసిందని ఎవరో చెప్తే, అద్దాలాయన ఆ పూట అన్నం ముందునుంచి లేచిపోయాడు. పన్ను నొప్పొస్తే ఇప్పుడు రెండు బస్సులు మారి పక్క ఊరికి వెళ్తాడు. ఊళ్ళో అంత మంచి డాక్టరుండగా ఈ చాదస్తమేంటని అందరూ అంటారు.

ఏడాది తర్వాత బావమరిది వచ్చాడు. అక్క చేతి టీ తాగాడు, పిల్లల చదువుల గురించి మాట్లాడాడు. లేస్తూ అసలు మాట కదిపాడు.

"మళ్ళీ రా బావా. డాక్టరుగారు కూడా రమ్మన్నారు. ఇప్పుడు అవన్నీ మానేశాం. జిగురు లేదు, దారం లేదు. కొమ్మలు మాత్రమే కత్తిరిస్తున్నాం."

"అలాగా" అన్నాడు అద్దాలాయన. గుమ్మందాకా సాగనంపాడు. తిరిగొచ్చి, బావమరిది తాగిన కప్పు తీసుకుని కుళాయి కింద సబ్బేసి కడిగాడు. కడిగినదాన్ని మళ్ళీ కడిగాడు.

"వాడు నా తమ్ముడండీ" అంది భార్య వెనకనుంచి.

"తెలుసు" అని, ఆయన మూడోసారి సబ్బందుకున్నాడు.